క్షమాపణ ఎవరు చెప్పాలి?

మూడేళ్ళ క్రితం అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల దగ్గర ఒక లావుపాటి ఇంగ్లీషు నవల కొన్నాను. ఎనభై రూపాయలు. ఫ్రాన్సిన్ రివర్స్ రాసిన 'రిడీమింగ్ లవ్'. 2022లో సినిమాగా వచ్చింది కాబట్టి పేరు తెలుసు. నాకోసం కాదు, మా పిన్ని కోసం కొన్నాను. పిన్ని గుంటూరు జిల్లాలో టీచరుగా చేసి రిటైరైంది. ఇంగ్లీషు నవలలు బాగా చదువుతుంది, క్రైస్తవ నవలలైతే ఇంకా ఇష్టంగా చదువుతుంది. ఇచ్చే ముందు నాలుగు పేజీలు చూద్దామని మొదలుపెట్టి, రెండు రాత్రుళ్ళలో పూర్తి చేశాను. చివర్లో ఏడ్చాను కూడా. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఇకమీద చెప్పబోయేదంతా ఆ నవలతో నా పేచీ.

పిన్ని వారం రోజుల్లో చదివేసింది.

"బాగుంది రా. కానీ ఒకటి చెప్పు. మొగుడు మాటిమాటికీ పారిపోతుంటే పెళ్ళాం వెతుక్కుంటూ వెళ్ళి ఇంటికి తెచ్చుకుంటే, దాన్ని నవలంటారా?"

నేను నవ్వాను గానీ జవాబు చెప్పలేదు.

"అనరు. సంసారం అంటారు," అని కాఫీ పెట్టడానికి లేచింది.

ఆ మాట అనడానికి పిన్నికి హక్కుంది. 1994లో మా బాబాయికీ చర్చి కొయిర్‌లో పాడే ఒక అమ్మాయికీ సంబంధం ఉందని బయటపడింది. బయటపడింది అంటే, ఆ అమ్మాయికి అయిదో నెల. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఆ అమ్మాయిని సంఘం ముందు నిలబెట్టి, ప్రభువు బల్లకి దూరంగా ఉంచుతున్నామని ప్రకటించారు. బాబాయి అప్పటికే బదిలీ చేయించుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆయన పేరు ఆ రోజు ఎవరూ చదవలేదు. ఆ తర్వాత నెలలో పాస్టరు గారు (మా ఇళ్ళల్లో అయ్యగారు అంటారు) ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని పిన్ని ఇంటికొచ్చి, మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయం చదివి ప్రార్థన చేసి, క్షమించమ్మా అని చెప్పి వెళ్ళారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ సాయంత్రం నాకు గుర్తున్నది కుర్చీలు చాలక పక్కింటి నుంచి తేవడమే.

పిన్ని ప్రశ్న తర్వాత ఈ తరహా నవలల మీద పడ్డాను. విరిగిన పెళ్ళి, అనుకోని గర్భం, చివరికి క్షమ. ఈ మూడూ కలిపి క్రైస్తవ సమాజాలు ఎన్నాళ్ళ నుంచి కథలు అల్లుకుంటున్నాయి, వాటిల్లో ఎవరు ఎవర్ని క్షమిస్తారు, కాదనే వీలు ఎవరికుంటుంది? ఇవీ నేను వెతుక్కున్న విషయాలు.

మొదట భాషలోనే ఒక చిక్కు తగిలింది. మామూలు తెలుగులో 'క్షమాపణ' అంటే తప్పు చేసినవాడు చెప్పేది. క్షమాపణ చెప్పు, క్షమాపణ కోరు అంటాం. తెలుగు బైబిల్లో, చర్చి తెలుగులో అదే మాటకి అర్థం వేరు. పాపక్షమాపణ అంటే దేవుడు ఇచ్చేది. ఒకే మాట ఒకచోట అడగడం, ఇంకోచోట ఇవ్వడం. చిన్నప్పుడు నేను ఈ రెండిటి మధ్యా ఎప్పుడూ తడబడేవాణ్ణి. 'పిన్ని క్షమాపణ ఇవ్వాలి' అని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే, పిన్ని ఏం తప్పు చేసిందని క్షమాపణ చెప్పాలి అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే అంత తప్పుగా ఏమీ వినలేదనిపిస్తుంది.

'రిడీమింగ్ లవ్' బైబిల్లోని హోషేయ గ్రంథానికి నవలా రూపం. క్రీస్తుకి ఎనిమిది శతాబ్దాల ముందు ఉత్తర ఇశ్రాయేలులో ఉన్న ప్రవక్త హోషేయ. వ్యభిచరించే స్త్రీని పెళ్ళాడమని దేవుడు ఆజ్ఞాపిస్తే గోమెరు అనే ఆమెని చేసుకుంటాడు. పిల్లలు పుడతారు. ఒక పాపకి 'జాలికి నోచుకోనిది' అనీ, ఒక బాబుకి 'నా జనం కాదు' అనీ అర్థం వచ్చే పేర్లు పెడతారు. తర్వాత ఇంకొకరి పాలైన స్త్రీని మళ్ళీ ప్రేమించమని దేవుడు చెప్తే, ఆయన పదిహేను తులాల వెండీ కొంత బార్లీ గింజలూ ఇచ్చి కొనుక్కుని తెచ్చుకుంటాడు. దారి తప్పిన ప్రజల్ని దేవుడు వదిలిపెట్టడు అని చెప్పడానికి ఈ పెళ్ళి ఒక పోలిక. పోలికగా చాలా గొప్పది. అయితే గోమెరు తనంతట తాను మాట్లాడిన మాట ఆ గ్రంథంలో ఒక్కటీ లేదు. ఆమె ఇలా అనుకుంది అని చెప్పే చోట కూడా మాట్లాడేది భర్తే, లేదా దేవుడే. వెండి తూస్తున్నప్పుడు ఆమె ఎక్కడ నిలబడి ఉందో మనకి తెలియదు.

కొత్త నిబంధనలో ఇలాంటి కథ అనగానే అందరికీ గుర్తొచ్చేది యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయం. వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీని యేసు ముందుకి ఈడ్చుకొస్తారు, పాపం లేనివాడు మొదటి రాయి వెయ్యమంటాడాయన. పట్టుబడ్డారంటే ఇద్దరుండాలి కదా, మగవాడేడీ అన్న ప్రశ్న చాలామంది అడిగిందే. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది ఆ కథ రాతప్రతుల చరిత్ర. నాలుగో శతాబ్దానికి చెందిన సైనాయిటికస్, వాటికానస్ ప్రతుల్లో ఈ కథే లేదు. ఈనాటి పండితుల్లో ఎక్కువమంది ఇది తర్వాత వచ్చి చేరిందంటారు. కానీ అయిదో శతాబ్దంలో అగస్టీన్ ఇంకో కారణం చెప్పాడు. విశ్వాసం చాలని కొందరు మగవాళ్ళు, తమ భార్యలకి తప్పు చేసే అలుసు దొరుకుతుందన్న భయంతో, ఈ కథని తమ ప్రతుల్లోంచి తీసేశారట. పండితపరంగా ఆయన చెప్పింది నిలబడకపోవచ్చు. కానీ భార్య చేతికి క్షమ గురించిన కథ వెళ్తే మొగుళ్ళు కంగారుపడతారని ఒక బిషప్ అంత మామూలుగా నమ్మగలిగాడంటే, ఆయన చుట్టూ ఉన్న ఇళ్ళు ఎలాంటివో ఊహించుకోవచ్చు.

అదే కంగారు 1853లో మాంచెస్టర్‌లో కనిపిస్తుంది. ఎలిజబెత్ గాస్కెల్ 'రూత్' అనే నవల ఆ ఏడాది జనవరిలో మూడు సంపుటాలుగా వచ్చింది. గాస్కెల్ భర్త విలియం, క్రాస్ స్ట్రీట్ చాపెల్‌లో యూనిటేరియన్ పాస్టరు. నవల చదివిన ఆ చాపెల్ సభ్యుల్లో ఇద్దరు మొదటి సంపుటాన్ని తగలబెట్టారు. మూడో ఆయన తన భార్యని చదవొద్దన్నాడు. ఆ కుటుంబాలతో కలిసి ఆమె ప్రతి ఆదివారం ఒకే చాపెల్‌లో కూర్చోవాలి. ఆ దిగులుతో ఆమెకి జ్వరమొచ్చినంత పనైంది. తమాషా ఏమిటంటే, తన ఇంట్లో కూడా అది నిషిద్ధ పుస్తకమేనని ఆమే ఉత్తరంలో రాసుకుంది.

ఇంతకీ అందులో ఏముంది? రూత్ పదహారేళ్ళ అనాథ, కుట్టుపని చేస్తుంది. బెలింగ్‌హామ్ అనే డబ్బున్న కుర్రాడు ఆమెని వెంట తీసుకెళ్ళి వేల్స్‌లో వదిలేస్తాడు. ఆత్మహత్య చేసుకోబోయిన పిల్లని బెన్సన్ అనే గూనివాడైన పాస్టరు ఆపుతాడు. ఆయనా, ఆయన అక్క ఫెయిత్ ఆమెని ఇంటికి తెచ్చుకుంటారు. గర్భవతి అని తెలిశాక ఊళ్ళో వాళ్ళకి విధవరాలని చెప్తారు. ఆ ఇంటి పనిమనిషి సాలీ, విధవరాలికి ఈ జుట్టేమిటని కత్తెర తెచ్చి రూత్ జుట్టు కత్తిరించేస్తుంది. ఆ సన్నివేశం ఈ తరహా సాహిత్యం మొత్తంలో నాకు బాగా నచ్చినది. సాలీ కోపంగా వస్తుంది, కత్తిరించాక ఆ జుట్టుని పారెయ్యలేక దాచిపెట్టుకుంటుంది. ఆ కాలపు వాళ్ళకి తెలిసిన దయ అలాగే ఉండేదేమో.

బాబు పుడతాడు, పెరుగుతాడు. కొన్నేళ్ళకి బెలింగ్‌హామ్ ఎదురుపడి, పెళ్ళి చేసుకుంటానంటాడు. ఇక్కడ విక్టోరియన్ పాఠకుడు నిట్టూర్చాలి, కథ సుఖాంతం కావాలి. రూత్ మాత్రం వద్దంటుంది. సముద్రపు ఒడ్డున ఇసుకలో నిలబడి, నీలాంటివాడి చేతిలో నా కొడుకు పెరగడం నాకిష్టం లేదన్నట్టు చెప్పి వెళ్ళిపోతుంది. 1853 నాటికి ఇది చిన్న విషయం కాదు. కానీ తర్వాత ఊళ్ళో జ్వరాలొస్తాయి, రూత్ నర్సుగా అందరికీ సేవ చేస్తుంది, ఆఖరికి జబ్బుపడ్డ బెలింగ్‌హామ్‌కి కూడా చేసి, అదే జ్వరంతో చచ్చిపోతుంది. అప్పుడు ఊరు ఊరంతా ఆమెని క్షమిస్తుంది. నవల ఇంకా రాస్తుండగానే కథ తెలుసుకున్న షార్లట్ బ్రాంటీ, ఆమె ఎందుకు చావాలి అని గాస్కెల్‌కి ఉత్తరం రాసింది. నూట డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా ఆ నవల గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఎందుకు చావాలి అన్నదానికి గాస్కెల్ జీవితంలోనే ఎదురు సాక్ష్యముంది. 1850 జనవరిలో ఆమె చార్లెస్ డికెన్స్‌కి ఒక ఉత్తరం రాసింది. మాంచెస్టర్ జైల్లో తను చూసిన పదహారేళ్ళ పిల్ల గురించి. ఆ పిల్లా అనాథే, కుట్టుపని నేర్చుకున్నదే, మోసపోయినదే. డికెన్స్ అప్పటికే ఏంజెలా బర్డెట్-కూట్స్ అనే ధనికురాలితో కలిసి లండన్‌లో ఇలాంటి ఆడపిల్లల కోసం ఒక ఆశ్రమం నడుపుతున్నాడు. అక్కడి నుంచి వాళ్ళని వలస దేశాలకి పంపేవాళ్ళు. ఆ దారుల గురించి కనుక్కుని గాస్కెల్ ఆ పిల్లని ఓడ ఎక్కించి దక్షిణాఫ్రికా పంపించింది. అంటే నిజంగా జరిగినదానిలో పిల్ల బతికింది, కొత్త దేశం వెళ్ళింది. నవల్లో చంపాల్సి వచ్చింది. పాఠకుల క్షమకి అంత ఖరీదు ఉండేది.

ఆ ఖరీదు చట్టంలోనూ రాసి ఉంది. 'రూత్' వచ్చిన నాలుగేళ్ళకి, 1857లో, ఇంగ్లండు విడాకుల చట్టం చేసింది. భార్య వ్యభిచారం చేసిందని రుజువైతే భర్తకి విడాకులు వస్తాయి, అదొక్కటి చాలు. భార్యకి మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో ఇంకేదో కూడా రుజువు చెయ్యాలి. ఈ తేడాని ఇంగ్లండు 1923లో తీసేసింది. కానీ అంతకుముందే, 1869లో, ఆ చట్టాన్నే చూసి మన దేశంలోని క్రైస్తవుల కోసం ఇండియన్ డివోర్స్ యాక్ట్ చేశారు. అక్కడ తేడా పోయాక కూడా ఇక్కడ అది అలాగే ఉండిపోయింది. స్వాతంత్ర్యం వచ్చినా ఉంది, హిందూ వివాహ చట్టం వచ్చినా ఉంది. 1995లో కేరళ హైకోర్టు ఆ సెక్షన్‌లో కొంత భాగాన్ని కొట్టేసింది. పార్లమెంటు సవరించింది 2001లో. అంటే, క్రైస్తవ భార్య ఎంత సహించాలి అన్నదానికి విక్టోరియా రాణి కాలం నాటి కొలత మా పిన్ని తరం దాకా నడిచింది.

పిన్ని 1996లో గుంటూరులో ఒక లాయరు దగ్గరికి వెళ్ళింది. వ్యభిచారమూ రుజువు చెయ్యాలి, వదిలేశాడనీ రుజువు చెయ్యాలి అన్నాడాయన. మొదటిదానికి సాక్ష్యం ఎవరూ అంటే ఆ అమ్మాయే. ఈ భాగం తర్వాత చెప్తాను.

ఇంగ్లండు నుంచి రష్యాకి వెళ్తే ఇదే కథ తిరగబడి కనిపిస్తుంది. టాల్‌స్టాయ్ చివరి పెద్ద నవల 'రిసరెక్షన్' 1899లో వచ్చింది. నెఖ్లూదొవ్ అనే జమీందారు ఒక హత్య కేసులో జూరీ సభ్యుడిగా కూర్చుంటాడు. బోనులో నిలబడ్డ వేశ్య ఎవరంటే, ఒకప్పుడు తన మేనత్తల ఇంట్లో పనిచేసిన కత్యూషా మాస్లొవా. తను అనుభవించి, చేతిలో వంద రూబుళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు. ఆమెకి గర్భమొచ్చింది, ఇల్లు పోయింది, బిడ్డ అనాథాశ్రమంలో చచ్చిపోయింది. ఇప్పుడు ఆయనకి పశ్చాత్తాపం. జైలుకెళ్ళి క్షమించమంటాడు, పెళ్ళి చేసుకుంటానంటాడు, శిక్ష పడితే సైబీరియా దాకా వెంట వెళ్తాడు.

కత్యూషా మొదట ఆయన దగ్గర డబ్బులడుగుతుంది. తర్వాత తాగి తిడుతుంది. ఈ లోకంలో నాతో సుఖపడ్డావు, పరలోకంలో కూడా నన్ను అడ్డం పెట్టుకుని బాగుపడదామనుకుంటున్నావా అన్న అర్థం వచ్చేలా మొహం మీద అడిగేస్తుంది. మనుషుల క్షమ గురించి ఇంతకంటే పదునైన ప్రశ్న నేనైతే ఏ నవల్లోనూ చదవలేదు. క్షమాపణ కోరడంలో కూడా ఒక దోపిడీ ఉండొచ్చని టాల్‌స్టాయ్‌కి తెలుసు. యవ్వనంలో తను చేసినవి ఆయన మర్చిపోలేదు కూడా. చివరికి ఆమె ఆయన్ని క్షమిస్తుంది, పెళ్ళి మాత్రం వద్దంటుంది. సైమన్‌సన్ అనే రాజకీయ ఖైదీతో వెళ్ళిపోతుంది.

ఈ కథకి మూలం టాల్‌స్టాయ్‌కి ఆయన స్నేహితుడు, న్యాయాధికారి కోనీ చెప్పిన నిజమైన కేసు. అందులో ఆ పిల్ల పెళ్ళికి ఒప్పుకుంది. కానీ పెళ్ళి కాకముందే జైల్లో టైఫస్ జ్వరమొచ్చి పోయింది. ఇది చదివినప్పుడు కాసేపు పుస్తకం పక్కన పెట్టాను. మాంచెస్టర్ పిల్ల నిజంగా బతికింది, నవల్లో జ్వరంతో పోయింది. రష్యా పిల్ల నిజంగా జ్వరంతో పోయింది, నవల్లో బతికి, వద్దని చెప్పి, తన దారిన వెళ్ళింది. గాస్కెల్ కూడా తన రూత్‌తో వద్దనిపించింది, కానీ ఆ మాట అన్నాక బతకనివ్వలేకపోయింది. ఆ తేడాకి నలభై ఆరేళ్ళు పట్టింది. రష్యన్ ఆర్థడాక్స్ చర్చి టాల్‌స్టాయ్‌ని 1901లో వెలివేసింది. అందుకు వేరే కారణాలు చాలా ఉన్నాయి గానీ, అందులో ఈ నవల పాత్ర కూడా ఉంది.

ఇక్కడ ఒక పక్కమాట. సరిగ్గా ఈ కాలంలోనే మన రాజమండ్రిలో వీరేశలింగం గారు ఇదే చిక్కుని ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. బాలవితంతువులకి వచ్చే గర్భాలు, వాటిని తీయించడాలు, పుట్టిన పసికందుల్ని చంపడాలు. 1881 డిసెంబరులో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం వెనక ఉన్న వాదన, ఇందులో పిల్ల చేసిన పాపమేమీ లేదు, పెళ్ళి లేకుండా చేసిన ఆచారానిదే తప్పు అని. అక్కడ క్షమ అన్న ప్రశ్నే రాదు. చర్చి వాతావరణంలో పెరిగిన నాకు ఈ తేడా చాలా ఆలస్యంగా కనబడింది.

మళ్ళీ కథలోకి. ఇరవయ్యో శతాబ్దంలో ఈ తరహా నవల అమెరికా చేరి, ఒక వ్యాపారంగా స్థిరపడింది. 1979లో జెనెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' దానికి తలుపు తీసింది. భర్త చనిపోయిన గర్భవతి, బతుకుతెరువు కోసం, ఒక బిడ్డ తండ్రిని పెళ్ళాడుతుంది. మెల్లగా ప్రేమ, మెల్లగా విశ్వాసం. అది లక్షల్లో అమ్ముడయ్యాక క్రైస్తవ ప్రచురణకర్తలకి ఎవరు కొంటారో అర్థమైంది: పెళ్ళయిన ఆడవాళ్ళు. ఫ్రాన్సిన్ రివర్స్ అప్పటికి మామూలు రొమాన్సు నవలలు రాస్తుండేది. 1986లో విశ్వాసంలోకి వచ్చాక కొన్నాళ్ళు రాయడం మానేసి బైబిలు చదువుతూ ఉండిపోయి, హోషేయ దగ్గర ఆగింది. 'రిడీమింగ్ లవ్' మొదట 1991లో బాంటమ్ అనే మామూలు ప్రచురణ సంస్థ నుంచే వచ్చింది. 1997లో ఘాటైన చోట్లు తగ్గించి క్రైస్తవ పాఠకుల కోసం మళ్ళీ వేశారు. ఇప్పుడు అందరూ చదివేది ఆ రెండోదే.

1850, కాలిఫోర్నియా బంగారు గనులు. చిన్నప్పుడే అమ్ముడుపోయిన ఏంజెల్ అనే వేశ్యని మైకేల్ హోషేయ అనే రైతు, దేవుడు చెప్పాడని పెళ్ళి చేసుకుంటాడు. ఆ అమ్మాయిని కొట్టి చావబతుకుల్లో పడేసినప్పుడు, స్పృహ ఉండీ లేనట్టున్న ఆమె చేత సరేననిపించి మరీ. ఆమె పారిపోతుంది, ఆయన తెచ్చుకుంటాడు, మళ్ళీ పారిపోతుంది. రివర్స్ రాయడం తెలిసిన మనిషి. ఏంజెల్ ఎందుకు ఎవర్నీ నమ్మదో మనకి అక్షరం అక్షరం అర్థమయ్యేలా రాసింది. కానీ నవల పట్టు ఎక్కడుందంటే, ఏంజెల్ వద్దన్న ప్రతిసారీ అది ఆమె గాయం మాట్లాడుతున్నట్టు, సరే అన్నప్పుడు మాత్రం ఆమే మాట్లాడుతున్నట్టు లెక్క. కత్యూషా వద్దంటే అది నిర్ణయం. ఏంజెల్ వద్దంటే అది జబ్బు. మైకేల్ దేవుడికి పోలిక కాబట్టి తప్పు చెయ్యలేడు, తప్పు చెయ్యలేని మనిషితో కాపురం ఎలా ఉంటుందో ఆ నవల మనకి చెప్పదు.

న్యాయంగా చెప్పాలంటే, చివరి భాగంలో ఇంకో నవల ఉంది. ఏంజెల్ ఆఖరిసారి వెళ్ళిపోయినప్పుడు మైకేల్ వెతుక్కుంటూ వెళ్ళడు. ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో వంట చేసి బతుకుతుంది, తనలాంటి ఆడపిల్లల కోసం ఒక ఇల్లు నడుపుతుంది. ఆమెని వెతుక్కుంటూ వచ్చేది మైకేల్ బావమరిది పాల్. ఇతను ఒకప్పుడు దారిలో ఎక్కించుకున్నందుకు ఆమె శరీరాన్నే కూలిగా తీసుకున్నవాడు. వచ్చి క్షమించమని అడుగుతాడు. అంత పెద్ద పుస్తకంలో ఒక మగవాడు ఒక ఆడమనిషికి నిజంగా చిన్నబోయి నిలబడే చోటు అదొక్కటే. నేను ఏడ్చింది అక్కడే. మూడేళ్ళ ఆమె స్వతంత్ర జీవితాన్ని రివర్స్ కొద్ది పేజీల్లో దాటించేసిందని ఇప్పటికీ నాకు విచారం.

అనుకోని గర్భం గురించి రివర్స్ నేరుగా రాసిన నవల 1997 నాటి 'ది అటోన్‌మెంట్ చైల్డ్'. దీన్ని అర్థం చేసుకోవాలంటే అమెరికా చర్చి చరిత్ర కొంచెం తెలియాలి. 1971లో సదరన్ బాప్టిస్టులు తమ మహాసభలో ఒక తీర్మానం చేశారు. అత్యాచారం వల్ల వచ్చిన గర్భం, పిండంలో తీవ్రమైన లోపం, తల్లి శరీరానికో మనసుకో హాని లాంటి సందర్భాల్లో గర్భస్రావానికి చట్టం వీలు కల్పించేలా సభ్యులు పనిచెయ్యాలని. అవును, అదే సదరన్ బాప్టిస్టులు. (అదే ఏడాది మన పార్లమెంటు కూడా గర్భస్రావ చట్టం చేసింది, అందులోనూ అత్యాచారం వల్ల వచ్చిన గర్భం ప్రస్తావన ఉంది.) 1973లో అమెరికా సుప్రీంకోర్టు రో తీర్పు వచ్చింది. 1980 కల్లా అదే మహాసభ, తల్లి ప్రాణం కాపాడ్డానికి తప్ప గర్భస్రావం కూడదని రాజ్యాంగాన్నే సవరించమంది. తొమ్మిదేళ్ళలో ఇంత దూరం.

రివర్స్ నవల సరిగ్గా ఆ పాత మినహాయింపు మీద నిలబడుతుంది. డైనా అనే క్రైస్తవ కాలేజీ విద్యార్థిని మీద అత్యాచారం జరుగుతుంది, గర్భం వస్తుంది. పాస్టరు కాబోతున్న కాబోయే భర్త తీయించుకోమంటాడు. కాలేజీ వాళ్ళు మర్యాదగా బయటికి పంపుతారు. ఇంటికొస్తే అమ్మ చిన్నప్పుడు చేయించుకున్న గర్భస్రావం ఇంట్లో ఎవరూ మాట్లాడని గాయంగా ఉంటుంది, అమ్మమ్మకి కూడా అలాంటిదే ఒక రహస్యం. డైనా బిడ్డని కంటుంది. నవల వాదన ఏమిటో మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది, నేను దానితో ఏకీభవించను. అత్యాచారానికి గురైన పిల్ల ముందు ఒకే దారి వెలుగుతో ఉంచి, మిగతావన్నీ చీకటి చెయ్యడం అన్యాయం అనుకుంటాను. కానీ రివర్స్ ఈ పుస్తకాన్ని బయట నిలబడి రాయలేదు. తను కూడా వయసులో ఉన్నప్పుడు గర్భస్రావం చేయించుకున్నానని ఆమే బహిరంగంగా చెప్పుకుంది. అందుకే అమ్మా, అమ్మమ్మా ఉన్న పేజీలు వాదన గీత దాటి బతుకుతాయి. ఒకే ఇంట్లో ముగ్గురాడవాళ్ళు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, అదే దేవుణ్ణి విడివిడిగా క్షమించమని అడుక్కుంటూ ఉండటం. ఆ దృశ్యం చూడటానికి ఆ వాదనని ఒప్పుకోనక్కర్లేదు. ఇది చదువుతున్నంతసేపూ నాకు మా స్త్రీల సమాజం బెంచీలే కళ్ళముందు ఆడాయి.

'రిడీమింగ్ లవ్' సినిమా 2022 జనవరిలో వచ్చింది. రో తీర్పుని సుప్రీంకోర్టు ఆ జూన్‌లో కొట్టేసింది.

పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్ళినప్పుడు పిన్నికి కత్యూషా కథ చెప్పాను. బియ్యం ఏరుతూ విన్నది. ఆఖర్న ఆమె సైమన్‌సన్‌తో వెళ్ళిపోతుందని చెప్పగానే చేతులాపి, "మరి ఆయన?" అంది.

"ఆయన గదికొచ్చి బైబిలు తెరుస్తాడు పిన్నీ. మత్తయి పద్దెనిమిది."

పిన్ని నవ్వింది. "పేతురు ఎన్నిసార్లు క్షమించాలని అడిగేది."

"అదే. అయ్యగారు మనింట్లో చదివింది కూడా అదే కదా."

"చదివారు. కానీ ఆ కథలో అప్పున్నవాడు ముందొచ్చి కాళ్ళ మీద పడతాడు కదరా. మీ బాబాయి వచ్చాడా?"

కాసేపు బియ్యమే ఏరింది. తర్వాత తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది, ముప్ఫై ఏళ్ళలో నేనెప్పుడూ వినని సంగతి. 1996లో లాయరు, ఆ అమ్మాయి సాక్ష్యం కావాలన్నప్పుడు పిన్ని సరేనంది. సంఘంలో నిలబెట్టినట్టే కోర్టులోనూ నిలబెట్టాలని తనకీ ఉండేదట. ఈ సంగతి ఎలాగో తెలిసి ఆ అమ్మాయి తండ్రి ఒక రాత్రి వచ్చాడు. తాపీమేస్త్రీ. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, నా కూతురు మీ ఇల్లు కూల్చింది తల్లీ, తప్పైపోయింది, దాన్ని మాత్రం కోర్టుకి ఈడ్చకండి అని రెండు చేతులూ జోడించాడు. పిన్ని కేసు వెయ్యలేదు. చట్టం మారాక, వదిలేసి పోయాడన్న ఒక్క కారణం మీద వేసింది. 2004లో విడాకులొచ్చాయి.

"నాకు క్షమాపణ చెప్పింది ఆయనొక్కడే. ఆయనేం చేశాడని?"

నేను ఊరుకున్నాను.

"అందరూ మీ బాబాయిని క్షమించమని వచ్చారు. ఆ పిల్లని క్షమించమని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడిగుంటే ఏమనేదాన్నో తెలీదు రా." చేటలోంచి ఒక రాయి తీసి కిటికీలో పెట్టింది. "ఇప్పుడు విజయవాడలో ఉందట. కొడుకు ఇంజినీరింగ్ అయిపోయిందట. ఆ పుస్తకం మళ్ళీ ఇస్తావా, ఆ పాల్ వచ్చి అడిగే చోటు ఇంకోసారి చదవాలి."